మాల్ పార్కింగ్ చీటీ: కట్టేయాలా, అడగాలా?

హైదరాబాద్ మాళ్లలో సెల్లార్ పార్కింగ్‌కు మార్కులు వేయాలంటే రెండు పద్దులు పెట్టాలి. బండి పెట్టుకునే చోటు, వెలుతురు, లిఫ్టు దాకా దారి, ఏ పిల్లర్ దగ్గర పెట్టామో గుర్తుండేలా రంగులు, అంకెలు: వీటికి అయిదుకు నాలుగు ధారాళంగా ఇవ్వొచ్చు. బయటికొచ్చే గేటు దగ్గరి వ్యవహారానికి మాత్రం రెండు దాటవు. కూకట్‌పల్లి వైపు వెళ్లినా, మాదాపూర్ వైపు వెళ్లినా, పంజగుట్టలో ఆగినా పేచీ ఒకటే. తెర మీద నలభయ్యో అరవయ్యో పడుతుంది, వెనక హారన్లు మొదలవుతాయి, జేబులో బిల్లు ఉండి కూడా జనం కట్టేసి వెళ్లిపోతారు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. కొన్న బిల్లు చూపిస్తే పార్కింగ్ రుసుము పడదన్న మినహాయింపు సంగతీ ఇక్కడ అంతే, అడిగినవాళ్లకే దొరుకుతోంది.

ఆ మినహాయింపు మాల్ వాళ్ల దయ కాదు. 2018 మార్చి 20న తెలంగాణ మున్సిపల్ శాఖ ఇచ్చిన జీవో 63 దానికి ఆధారం. అదే ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మాళ్లు, మల్టీప్లెక్సులు, వాణిజ్య సముదాయాలు దీని కిందికి వస్తాయి. మొదటి 30 నిమిషాలకు ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకూడదు. ఏమైనా కొన్నారా అన్న ప్రశ్నే ఉండదు. 30 నిమిషాలు దాటి గంటలోపు అయితే అక్కడ ఏదో ఒకటి కొన్న బిల్లు ఉంటే చాలు, అది ఎంతకన్నది లెక్కలోకి రాదు. గంట దాటాక మాత్రం మొత్తం చూస్తారు. బిల్లు గానీ సినిమా టికెట్టు గానీ పార్కింగ్ రుసుము కన్నా ఎక్కువకు ఉంటే రుసుము లేదు, లేకపోతే కట్టాలి.

లెక్క వేసి చూద్దాం. 45 నిమిషాలు ఉన్నారు, కారు రుసుము 40, చేతిలో 20 రూపాయల టీ బిల్లు ఉంది. కట్టాల్సింది సున్నా. రెండు గంటల పది నిమిషాలు ఉన్నారు, రుసుము 60, చేతిలో 50 రూపాయల బిల్లు ఉంది. ఇక్కడ మొత్తం 60 కట్టాల్సిందే, తేడా పది ఇస్తే కుదరదు. అదే మూడు గంటలు సినిమా చూసి 200 రూపాయల టికెట్ చూపిస్తే మళ్లీ సున్నా. ఏమీ కొనకుండా ఏసీలో గంటన్నర తిరిగొచ్చినవాళ్లకు ఈ జీవోతో లాభం లేదు. వాళ్లు గేటు దగ్గర గొంతు పెంచితే వెనకున్నవాళ్ల సమయం పోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ఆర్టీసీ క్రాస్ రోడ్స్ లాంటి చోట్ల ఉన్న సింగిల్ స్క్రీన్ థియేటర్ల లెక్క వేరు. 2021 జూలైలో వచ్చిన జీవో 121 వాళ్లకు పార్కింగ్ రుసుము తీసుకునే వీలు ఇచ్చింది. మాళ్లకు, మల్టీప్లెక్సులకు మాత్రం పాత నిబంధనే ఉంచింది. కాబట్టి సింగిల్ స్క్రీన్ దగ్గర టికెట్ చూపించి మినహాయింపు అడగడం దండగ. అక్కడ అడగాల్సింది రసీదు, చూసుకోవాల్సింది బోర్డు మీద రాసిన ధరకే తీసుకుంటున్నారా అన్నది.

ఇక మాల్‌లో పేచీ ఎక్కడ పుడుతుందో చూద్దాం. చాలాచోట్ల బిల్లు చూసి చీటీ మీద ముద్ర వేసేవాళ్లో, సిస్టమ్‌లో మినహాయింపు ఎక్కించేవాళ్లో పై అంతస్తులో హెల్ప్ డెస్క్ దగ్గర ఉంటారు. గేటు దగ్గరి కుర్రాడికి ఆ పని అప్పజెప్పరు. మీరు బారులో ఇరవై నిమిషాలు నిలబడి అతని ముందుకొచ్చి బిల్లు తీస్తే, “పైన ఏపిచ్చుకొని రావాలె సార్, నా సిస్టమ్ల రాదు” అంటాడు. అతను చెప్పేది అబద్ధం కాకపోవచ్చు. వెనక్కి వెళ్లే దారి మాత్రం ఉండదు. అందుకే లిఫ్టు ఎక్కి కిందికి రాకముందే చీటీ, బిల్లు రెండూ హెల్ప్ డెస్క్ దగ్గర పెట్టండి. ఎక్కడ వేస్తారో తెలియకపోతే లోపలికి వస్తూ చీటీ తీసుకునేటప్పుడే అడగాలి. చాలామంది నష్టపోయేది ఈ ఒక్క అడుగు మరిచిపోవడం వల్లే.

బిల్లు అంటే ఏమిటన్న దాని మీదా తగువులు అవుతుంటాయి. ఫుడ్ కోర్టులో ముందు డబ్బులు వేయించుకునే కార్డు ఉంటుంది కదా, ఆ రీఛార్జి స్లిప్పును బిల్లుగా ఒప్పుకోకపోవచ్చు. తిన్నదానికి కౌంటర్ ఇచ్చే బిల్లు అడిగి ఉంచుకోండి. సినిమా టికెట్టేమో ఫోన్‌లో యాప్‌లో ఉంటుంది. రెండో సెల్లార్‌లోకి దిగాక సిగ్నల్ ఉండదు, యాప్ గుండ్రంగా తిరుగుతూ కూర్చుంటుంది. పైనుండగానే స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. నలుగురు కలిసి వచ్చి ఒకరు కొంటే, ఆ ఒక్కరి బిల్లు ఒక బండికే పనికొస్తుంది. రెండు బండ్లలో వస్తే రెండు బిల్లులు చేయించుకోవడం మేలు.

చీటీ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే గొడవ అంతా దాని మీదే నిలబడుతుంది. వేలెడు వెడల్పున్న థర్మల్ కాగితం. పైన సముదాయం పేరు, కింద బండి నంబర్, గేటు గుర్తు, తేదీ, లోపలికి వచ్చిన టైం నిమిషాలతో సహా ఉండాలి. చేతి మిషన్‌తో ఇచ్చే చోట నంబర్‌లో చివరి నాలుగంకెలే కొడతారు, ఒక్కోసారి అవీ తప్పు కొడతారు. తీసుకున్న వెంటనే నంబర్, టైం సరిచూసి ఫొటో తీయండి. థర్మల్ కాగితం వేడికి నల్లబడుతుంది, కొన్నాళ్లకు అచ్చు వెలిసిపోతుంది. ఎండలో డ్యాష్‌బోర్డు మీద పడేసిన చీటీ సాయంత్రానికి చదవడానికి రాదు. ఫిర్యాదు దాకా వెళ్తే మిగిలేది ఆ ఫొటోనే. డబ్బులు తీసుకుంటే ‘పెయిడ్’ అని, తీసుకోకపోతే ‘ఎగ్జెంప్టెడ్’ అని చీటీ మీద ముద్ర, సంతకం ఉండాలన్నది కూడా ఆ జీవోలోనిదే. ముద్ర లేకుండా చీటీ వెనక్కి లాక్కునే గేటును అనుమానించాల్సిందే.

30 నిమిషాల గీత దగ్గర ఇంకో చిక్కు ఉంది. గడియారం ఆగేది మీరు బండి తీసినప్పుడు కాదు, గేటు దగ్గర చీటీ స్కాన్ చేసినప్పుడు. ఆదివారం సాయంత్రం 22వ నిమిషంలో బండి కదిలినా ర్యాంపు మీద బారులో పది నిమిషాలు పోతే తెర మీద 32 పడుతుంది. అలాంటప్పుడు బారు తోక చివరికి చేరగానే, ముందున్న బండ్లు కనిపించేలా ఒక ఫొటో తీసి పెట్టుకోండి. ఫొటో వివరాల్లో టైం ఉంటుంది. సూపర్‌వైజర్‌కు అది చూపిస్తే వదిలేసే అవకాశం బాగా ఉంటుంది. పైనే కియోస్క్‌లో కట్టేసే పద్ధతి ఉన్న మాళ్లు ఈ విషయంలో మెరుగు. అక్కడ కట్టాక బయటపడటానికి కొంత గడువు ఇస్తారు.

గేటు దగ్గర మాట ఎలా ఉండాలంటే, కుర్రాడితో వాదన వద్దు. అతను కాంట్రాక్టర్ మనిషి, రాత్రి లెక్కలో తేడా వస్తే అతనే సమాధానం చెప్పుకోవాలి. “అన్నా, బిల్లుంది, జీవో ప్రకారం నాకు పడదు. సూపర్‌వైజర్‌ను పిలువు” అని ఒక్కసారి చెప్పి ఊరుకోవడం చాలు. రెండు నిమిషాల్లో ఎవరూ రాకపోతే కట్టేయండి, కానీ నగదుగా వద్దు. యూపీఐలో కడితే రోజు, టైం, తీసుకున్నవాళ్ల పేరు మూడూ నిలుస్తాయి. కోడ్ స్కాన్ చేయగానే సంస్థ పేరు బదులు ఎవరో మనిషి పేరు కనిపిస్తే అక్కడే ఆగి, మాల్ అసలు కోడ్ చూపించమనండి. రసీదు తీసుకుని, ధరల బోర్డు కూడా ఒక ఫొటో తీసుకోండి. జీఎస్టీ వేస్తున్నామంటే రసీదు మీద వాళ్ల జీఎస్టీ నంబర్ ఉండాలి. పార్కింగ్ మీద పన్ను 18 శాతం. అంటే పన్నుతో కలిపి 50 తీసుకుంటే అసలు రుసుము 42 రూపాయల 37 పైసలు. 50 మీద మళ్లీ పన్ను కలిపి 59 అడిగితే, బోర్డు మీద ‘పన్నులు అదనం’ అని ఉందో లేదో చూడాలి.

కాగితం చీటీ బదులు ప్లాస్టిక్ టోకెన్ ఇచ్చే చోట, అది పోయిందని 300, 500 అడిగే సందర్భం మాత్రం నిలబడి మాట్లాడదగ్గది. బండి వేరేవాళ్లు ఎత్తుకుపోకుండా ఆధారం అడగడం న్యాయమే. డిజిలాకర్‌లోనో టీ యాప్ ఫోలియోలోనో ఉన్న ఆర్‌సీ, మీ గుర్తింపు కార్డు చూపించండి. లోపలికి వచ్చిన టైం కెమెరాలో చూడమనండి. నంబర్ ప్లేటు చదివే కెమెరా ఉన్న చోట అది నిమిషం పని. ఆ టైంకు ఎంత పడుతుందో అంత కడతామని చెప్పాలి. బోర్డు మీద ఇంత జరిమానా అని రాసి ఉన్నంత మాత్రాన అంతా రాబట్టుకునే హక్కు రాదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, రాసుకున్న మొత్తం గరిష్ఠ హద్దు మాత్రమే. దానికి లోబడి న్యాయమైన పరిహారమే దక్కుతుంది. గుప్పెడంత ప్లాస్టిక్ బిళ్లకు 500 న్యాయమని ఒప్పించడం వాళ్లకూ కష్టమే.

చక్రానికి తాళం వేసి డబ్బులు అడిగితే అది ఇంకో మెట్టు. రోడ్డు మీద తప్పు పార్కింగ్‌కు చలానా వేయడం, బండి ఎత్తుకెళ్లడం మోటారు వాహనాల చట్టం కింద పోలీసుల పని. కాంట్రాక్టర్ సెక్యూరిటీ గార్డుకు ఆ అధికారం లేదు. తాళం ఉన్న చక్రం, బోర్డు, గార్డు చేతి రసీదు పుస్తకం ఫొటోలు తీసి, మాట వినకపోతే 112కు ఫోన్ చేయండి. తాళాన్ని మీరే విరగ్గొడితే మీ మీదే కేసు అవుతుంది.

కట్టేశాక డబ్బు వెనక్కి రావాలంటే ఎక్కడ అడగాలో, ఆ దారులూ చూద్దాం. మాల్ కస్టమర్ కేర్‌కు మెయిల్ పెట్టడం అన్నిటికన్నా వేగం. చీటీ, బిల్లు, యూపీఐ రసీదు మూడు ఫొటోలు, నాలుగు వాక్యాలు చాలు. పెద్ద మాళ్లు 40 రూపాయల కోసం పేరు పాడుచేసుకోవాలనుకోవు. నగర పాలక సంస్థ యాప్ గానీ, 040-21111111 కాల్ సెంటర్ గానీ మీ డబ్బు ఇప్పించవు, కానీ వాళ్ల మీద చర్య తీసుకోగలవు. గతంలో జీహెచ్‌ఎంసీ ఎన్‌ఫోర్స్‌మెంట్ విభాగం ఇలాంటి వసూళ్లకు 50,000 రూపాయల చొప్పున జరిమానాలు వేసింది. ఫిర్యాదు నంబర్ రాసి పెట్టుకోకపోతే అది గాలికి పోయినట్టే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే చెప్పుకోవచ్చు. వాళ్లు సంస్థను కదిలిస్తారు గానీ ఆదేశం ఇవ్వలేరు.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం 40 రూపాయలకు ఎక్కువే అనిపిస్తుంది, నిజమే. కానీ ఖర్చు అనుకున్నంత లేదు. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపయితే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, రెండేళ్ల గడువు ఉంది, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. ఖర్చయ్యేది సమయం, ఓపిక. ఒక్క చీటీకైతే వద్దు. టోకెన్ పేరుతో 500 తీసుకున్నా, బండికి దెబ్బ తగిలినా, లోపలి వస్తువులు పోయినా వెళ్లడం దండగ కాదు.

దెబ్బ తగిలిన సందర్భంలో చీటీ వెనక ‘ఓనర్స్ రిస్క్’ అని ఉంటుంది కదా అని చాలామంది వదిలేస్తారు. తాళం చెవి వ్యాలెట్ చేతికి, అంటే మీ బదులు కారు తీసుకెళ్లి పార్క్ చేసే మనిషికి ఇచ్చారంటే లెక్క మారుతుంది. తాజ్‌మహల్ హోటల్ కేసులో 2019 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: వ్యాలెట్ చేతికొచ్చిన కారుకు తగిన జాగ్రత్త తీసుకోవాల్సిన బాధ్యత హోటల్‌ది. చీటీ మీద అచ్చేసిన మాట చూపించి తన నిర్లక్ష్యం నుంచి అది తప్పించుకోలేదు. కాబట్టి జూబ్లీహిల్స్‌లో ఏ రెస్టారెంటు ముందైనా తాళం చెవి ఇచ్చే ముందు కారు చుట్టూ తిరిగి ఒక వీడియో తీయండి, మీటర్ రీడింగ్ కూడా పడాలి. గీత పడిందని తేలితే అక్కడి నుంచి కదలకముందే మేనేజర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, ఆ గంట సీసీటీవీ దృశ్యాలు చెరిపేయకుండా ఉంచమని అందులోనే రాయండి. కొత్తవి రికార్డయ్యే కొద్దీ పాతవి పోతాయి. వారం తర్వాత అడిగితే ‘లేవు సార్’ అనడానికి వాళ్లకు కారణం దొరికినట్టే.