రాడ్ వేసి ఐదు నెలలైనా ఎముక అతుక్కోలేదు, కర్నూలులో మాకు దొరికిన వైద్యం

మాది ఆదోని. ఎమ్మిగనూరు రోడ్డులో బండి మీంచి పడి మా ఆయనకి మోకాలి కింది పెద్ద ఎముక, చీలమండకి జానెడు పైన విరిగింది. ఒకచోట ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ఆపరేషన్ బాగానే చేశారు, కానీ ఐదు నెలలైనా కాలు మోపితే నొప్పే. వెళ్లిన ప్రతిసారీ ఎక్స్‌రే తీసి "ఇంకా టైం పడుతుందమ్మా" అనడమే తప్ప ఎందుకు పడుతుందో ఒక్క ముక్క చెప్పలేదు. చుట్టాలేమో పుత్తూరు కట్టు కట్టిద్దామన్నారు. లోపల రాడ్ ఉండగా పైన కట్టేం చేస్తుందనిపించి కర్నూలులో ఒక ఎముకల ఆసుపత్రికి తీసుకెళ్లాం.

అక్కడి డాక్టర్ గారు పాత ఎక్స్‌రేలన్నీ వరసగా లైటు మీద పెట్టి చూపించారు, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. రాడ్‌కి పైనా కిందా అడ్డంగా స్క్రూలుంటాయి, ఎముక తిరగకుండా, కుంగకుండా అవే పట్టి ఉంచుతాయి. మొదట్లో అది అవసరమే, కానీ విరిగిన కొసల మధ్య కొంచెం సందు మిగిలిపోతే అవే స్క్రూలు వాటిని దగ్గరికి రానివ్వవు, నడిచినా బరువు చాలావరకు రాడ్ మీదుగానే పోతుంది. అందుకని రాడ్ పైభాగంలో గుండ్రటి రంధ్రంలో ఉన్న స్క్రూ తీసేసి, పొడుగాటి రంధ్రంలోది అలాగే ఉంచారు, ఆ రంధ్రంలో స్క్రూ జరగడానికి కాస్త చోటుంటుంది. కొసలు కొద్ది మిల్లీమీటర్లు జరిగి ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి, కాలు మాత్రం మెలి తిరగదు. దీన్ని డైనమైజేషన్ అంటారు. ఎముక ముక్కలు ముక్కలై ఉంటే ఇది చేయకూడదని, కాలు పొట్టిదవుతుందని, దీంతో కూడా అతక్కపోతే రాడ్ తీసి ఇంకా లావుది వేయాల్సి రావచ్చని ముందే చెప్పారు.

చిన్న కోత, సాయంత్రానికి ఇంటికి పంపేశారు. ఆ తర్వాత రోజూ బరువు మోపి నడవడమే అసలు మందు, నొప్పికి భయపడి మంచం మీద పడుకుంటే స్క్రూ తీయించిన ఫలితమే ఉండదు. బీడీ మానాలని గట్టిగా చెప్పారు, పొగ వల్ల ఎముక అతకడం ఆలస్యమవుతుంది. మా ఆయన మానేశారు, అది నాకు కాలు బాగవడమంత సంతోషం. షుగర్ టెస్టు కూడా చేయించారు.

పక్క మంచం మీద ఒకాయనకి కాలి చుట్టూ ఇలిజరోవ్ రింగులున్నాయి, అంటే సన్నటి తీగలతో ఎముకకి బిగించిన లోహపు చట్రం. ఆయనది ఎముక పొడవు పెంచే వైద్యం, సారికి పావు మిల్లీమీటరు చొప్పున రోజుకి నాలుగుసార్లు నట్లు తిప్పుకుంటున్నారు. చూస్తే భయమేసింది గానీ ఆయన తీరిగ్గా కబుర్లు చెబుతూ తిప్పేశారు.

పదో వారం ఎక్స్‌రేలో ఎముక చుట్టూ నాలుగు వైపుల్లో మూడు వైపులా కొత్త ఎముక కలిసింది, ఇప్పుడు కర్ర లేకుండా వీధి చివరిదాకా వెళ్లొస్తున్నారు.

లోపాలూ ఉన్నాయి. పది గంటల టోకెన్‌కి రెండింటికి పిలిచారు. ఎక్స్‌రే గది మేడ మీద, మేం వెళ్లినప్పుడు లిఫ్ట్ పనిచేయలేదు, కాలు విరిగినవాళ్లు మెట్లెలా ఎక్కుతారండీ? రిసెప్షన్ పుస్తకంలో ఇదే రాసి వచ్చాను. వెళ్లేవాళ్లు పాత ఎక్స్‌రేలు, డిశ్చార్జ్ కాగితం, రాడ్ సైజు రాసిన స్టిక్కర్ తప్పకుండా తీసుకెళ్లండి, ఆ స్టిక్కర్ లేక మాకు ఒక రోజు వృథా అయింది.