శ్రీకూర్మం డోలోత్సవానికి వెళ్లాలనుకుంటున్నారా? ముందు ఇది చదవండి

శ్రీకాకుళం వైపు వసంతంలో చూడదగ్గవి రెండున్నాయి, అరసవల్లిలో సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకడం, శ్రీకూర్మంలో కూర్మావతార విష్ణుమూర్తికి చేసే డోలోత్సవం, అంటే ఊయల పండగ. ఒక్కదానికే సెలవు దొరికితే దేనికి వెళ్లాలి అని నన్నడిగితే, రెండూ చూసినవాడిగా శ్రీకూర్మమే అంటాను.

అరసవల్లి తక్కువని కాదు. మార్చి 9, 10 తేదీల్లో తెల్లవారుజాము నుంచే జనం నిలబడతారు. మబ్బు పట్టిందా, అంతే సంగతులు. మబ్బు లేకపోయినా ఆ వెలుగు ఉండేది కాసేపే, క్యూ వెనక ఉన్నవాళ్లు గుడి ముందుకొచ్చేసరికి అది పోతుంది. పిల్లలు, పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకి ఆ తోపులాట కష్టం. మామూలు రోజు పొద్దున్నే వెళ్తే దర్శనం హాయిగా అవుతుంది, ఆదివారం మాత్రం వద్దు.

శ్రీకూర్మం సంగతి వేరు. ఫాల్గుణ పౌర్ణమికి కామదహనం, పడియ, డోలోత్సవం అని మూడు రోజులు ఊరంతా పండగే. ఉత్సవమూర్తులను డోలా మండపానికి తీసుకొచ్చే దారంతా బుక్కా, గులాల్ గాల్లో ఉంటాయి, చుట్టుపక్కల పల్లెల వాళ్లే కాదు, ఒడిశా నుంచి వచ్చినవాళ్లూ కనిపిస్తారు. నా పక్కన నిలబడ్డ ఒక మామ్మగారు కొంగులో కట్టుకొచ్చిన గులాల్ పొట్లం విప్పి, నేను చెయ్యి చాపితే "ముందు సామికి బాబూ, తరవాతే మనకి" అని నా చెయ్యి పక్కకి తోసి, పల్లకీ వైపు చల్లాక మిగిలింది నా నుదుటికి రాసింది. అక్కడ టికెట్టు, పాసు గొడవ లేదు, వచ్చినవాళ్లందరూ పండగలో భాగమే, నాకు బాగా నచ్చింది అదే.

గుడిని మాత్రం రద్దీ తగ్గాక మళ్లీ చూడండి. స్వామి పడమటి వైపు చూస్తుంటాడు, అందుకే ధ్వజస్తంభాలు రెండు, తూర్పున ఒకటి, పడమట ఒకటి. ప్రాకార మండపంలో స్తంభాల మీద శాసనాలు, గోడల మీద వెలిసిపోతున్న చిత్రాలు ఉన్నాయి, వాటిని చేత్తో తడమకండి, రంగు చేతులతో అసలే వద్దు. గుడి దగ్గర పెంచే నక్షత్ర తాబేళ్లను కూడా చూడొచ్చు.

బస శ్రీకాకుళంలోనే పెట్టుకోండి, శ్రీకూర్మం అక్కణ్ణుంచి పదిహేను కిలోమీటర్ల లోపే. రైల్లో వచ్చేవాళ్లు దిగాల్సిన శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఊళ్లో కాదు, ఆమదాలవలసలో ఉంది, ఆటో ఖర్చు లెక్కలో వేసుకోండి. నేను దిగిన లాడ్జివాళ్లు పండగ అని రేటు పెంచారు, వేడినీళ్లు మాత్రం రాలేదు, రెండుసార్లు అడిగితే బకెట్‌తో పంపిస్తామన్నారు, పంపలేదు. గది తీసుకునే ముందు కుళాయి తిప్పి చూడండి. టిఫిన్‌కి మాత్రం ఇబ్బంది లేదు, కాంప్లెక్స్ (ఆర్టీసీ బస్టాండు) చుట్టుపక్కల పొద్దున్నే వేడి ఇడ్లీ, పెసరట్టు దొరుకుతాయి.

అసలు టెన్షన్ తిరుగు ప్రయాణం. చీకటి పడ్డాక జనమంతా ఒకేసారి బయల్దేరతారు, బస్సులు నిండిపోతాయి, ఆటోవాళ్లు అడిగిందే రేటు. పొద్దున్నే వచ్చేటప్పుడే వెనక్కి కూడా మాట్లాడేసుకోండి. ఆడవాళ్లకి మరుగుదొడ్లు సరిపోవడం లేదు, ఇంతమంది ఏటా వస్తారని తెలిసిన పండగే కదా, ఆ ఏర్పాటు చెయ్యకపోవడం బాధగా అనిపించింది.

మర్నాడు ఓపిక ఉంటే శాలిహుండం కొండ ఎక్కండి, బౌద్ధ స్తూపాల దగ్గర నిలబడితే కింద వంశధార కనిపిస్తుంది, అక్కణ్ణుంచి కళింగపట్నం బీచ్ దూరం కాదు. లైట్‌హౌస్ చూడండి గానీ, నది సముద్రంలో కలిసే చోట నీళ్లలోకి దిగొద్దు.

తేదీ ఏటా మారుతుంది, 2025లో పౌర్ణమి మార్చి 14న, 2026లో మార్చి 3న. పంచాంగం చూసుకుని గది ముందే బుక్ చేసుకోండి, తెల్లబట్టలు మాత్రం పాతవే వేసుకోండి.