రెడ్‌బస్: టికెట్ల కన్నా ముందు మెచ్చుకోవలసిన పేరు

బస్సు టికెట్ల కోసం రెడ్‌బస్‌ను ఏళ్లుగా వాడుతున్న నాకు, ఆ సేవలో అన్నింటికన్నా ఎక్కువగా నచ్చింది దాని పేరే. దీపావళికి ఇంటికి వెళ్లడానికి బస్సు టికెట్ దొరకని ఫణీంద్ర సామ, మిత్రులతో కలిసి 2006లో బెంగళూరులో దీన్ని ప్రారంభించారు. మొత్తం ఆరు ఇంగ్లిషు అక్షరాలున్న ఈ పేరులో మొదటి మాట కంటికి రంగు కట్టిస్తే, రెండో మాట పని ఏమిటో చెబుతుంది. పైగా ఎర్రబస్సు అనగానే మన ఆర్టీసీ బస్సే కళ్ల ముందు మెదులుతుంది కనుక, తెలుగువారికి ఇది కొత్త పేరులా అనిపించదు.

ఊళ్లో ఉన్న మా నాన్నగారికి ఫోన్‌లో "ఎర్రబస్సే నాన్నా, రెడ్‌బస్ డాట్ ఇన్" అని చెప్పగానే, ఆయన మరో మాట అడగకుండా సరిగ్గా టైపు చేశారు. అదే ఒక పచ్చళ్ల దుకాణం సైటు పేరు చెప్పబోతే, "పచ్చళ్లు"లో సీలు ఎన్ని, హెచ్‌లు ఎన్ని, ఎల్ ఒకటా రెండా అని ఇద్దరం చాలాసేపు తికమకపడ్డాం. తెలుగు మాటను ఇంగ్లిషు అక్షరాల్లో డొమైన్‌గా, అంటే సైటు చిరునామాగా, పెట్టుకునేవారు, వినగానే ఎవరైనా ఒకే తీరుగా రాయగలిగే మాటను ఎంచుకోవడం ఎంతో అవసరం.

పేరులోనే బస్సు ఉండటం ఒక పరిమితి. అయినా రైలు టికెట్లు మొదలుపెట్టినప్పుడు ఆ విభాగానికి రెడ్‌రైల్ అని పేరు పెట్టి, రంగును మాత్రం వదులుకోలేదు.