గాజువాక ఆటోనగర్ చాపర్ షెడ్డు: వెల్డింగుకి పదికి పది, వైరింగుకి మూడు

చాపర్ (ముందు ఫోర్కులు పొడవుగా చాచి మార్చి కట్టిన మోటార్ సైకిల్) కట్టించాలంటే బండిని బెంగళూరో పుణేయో పంపాల్సిందే అనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నా. గాజువాక ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షాపుల వెనక సందులో బోర్డు కూడా లేని రేకుల షెడ్డు ఒకటుంది. ఓనరు, ఇద్దరు కుర్రాళ్లు, అంతే. ఓనరు ఇంతకుముందు షిప్‌యార్డులో కాంట్రాక్టు వెల్డరట, ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, అతుకు చూస్తే తెలిసిపోద్ది.

మా బావ రుషికొండ దగ్గర కాఫీ షాపు పెడుతూ ముందు నిలబెట్టడానికి చాపర్ కావాలన్నాడు, ఇంట్లో మూలపడున్న పాత కాస్ట్ ఐరన్ ఇంజన్ బులెట్ 350 తీసుకెళ్లి ఇచ్చేశాం. షెడ్డు ఓనరు మొదట అడిగింది డబ్బు సంగతి కాదు, "షోకా, రోడ్డుకా?" అని. "రోడ్డుకైతే ఫ్రేమ్ కొయ్యను బాబూ, ఆర్‌సీ పోద్ది, తర్వాత నన్ను తిడతారు" అనేశాడు. నిజమే మరి. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కీ ఆర్‌సీలో ఉన్నదానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది, ఆ ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసిపెట్టారు. అసలే మన పోలీసులు మోడిఫైడ్ సైలెన్సర్లని రోడ్ రోలర్‌తో తొక్కించిన ఊరిది. "ఆర్టీఓలో మనోళ్లున్నారు, నే చూసుకుంటా" అనే షాపులవాళ్లు నాకు తెలుసు. ఈయన ఆ మాట అనలేదు, నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

మాది షోకే కాబట్టి ఫ్రేమ్ కోతకి ఒప్పుకున్నాడు. ఇక పని. ఫ్రేమ్ ముట్టుకోకముందే గోడ మీద చాక్‌పీసుతో బండి బొమ్మ అసలు సైజులో గీశాడు. ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు) పొడవు పెంచి మెడ (ఫ్రేమ్ ముందు స్టీరింగ్ ఇరుసు దూరే పైపు) కోణం వాల్చేస్తే చాపర్ అయిపోతుందనుకుంటాం గానీ, అసలు లెక్క ట్రయిల్‌ది: స్టీరింగ్ ఇరుసు గీతని నేల దాకా పొడిగిస్తే తగిలే చోటికీ, టైరు నేలని తాకే చోటికీ మధ్య దూరం. మెడ వాల్చినకొద్దీ అది పెరుగుతుంది, బండి నెమ్మదిగా పోతున్నప్పుడు హ్యాండిల్ బరువెక్కి ముందు చక్రం ఓ పక్కకి వాలిపోతుంది. అందుకే 45 డిగ్రీలు కావాలని మా బావ ఎంత మొండికేసినా 38 దగ్గర ఆపేసి, మిగతా వాలు ట్రిపుల్ క్లాంప్‌లో, అంటే ఫోర్క్‌ని మెడకి పట్టి ఉంచే బిగింపులో ఇచ్చాడు. అలా చేస్తే ట్రయిల్ తగ్గుతుంది.

ఫ్రేమ్‌ని పెద్ద ఐ బీమ్ మీద బిగించి కోశాడు. పైపుని పైపుకి ఊరికే ఎదురెదురుగా అతకలేదు. లోపల ఇంకో పైపు ముక్కని బిగుతుగా దూర్చి, బయటి పైపుకి రంధ్రాలు పెట్టి, వాటిలోనూ వెల్డ్ నింపి, ఆ తర్వాతే చుట్టూ అతుకు వేశాడు. అది కూడా ఒకే ఊపులో కాదు, ఇటో అంగుళం, అటో అంగుళం, మధ్యమధ్యలో దారం కట్టి చూసుకుంటూ, ఎందుకంటే వేడికి ఫ్రేమ్ ఓ పక్కకి లాగేస్తుంది. గ్రైండర్ పెట్టి నున్నగా చెయ్యమంటే ఒప్పుకోలేదు. అతుకు పైభాగం గీకేస్తే బలం పోద్దన్నాడు. ఫోర్క్ ట్యూబుల మీద మరతో బిగించే ఎక్స్‌టెన్షన్లు చవక, అవి కూడా వద్దని పొడవాటి ట్యూబులే కొత్తగా చేయించి హార్డ్ క్రోమ్ వేయించాడు. బిల్లు పెరిగింది ఇక్కడే. మొత్తం లక్షన్నర దాటింది, బండి మనదే అయినా.

మధురవాడ దాటాక బావ వాళ్ల ప్రైవేటు లేఅవుట్‌లో తిప్పి చూశాం. సూటిగా పోతే పట్టాల మీద రైలే. యూటర్న్‌కి మాత్రం రోడ్డు మొత్తం కావాలి. చాపర్ చేసేటప్పుడు వెనక సస్పెన్షన్ తీసేశాడు కాబట్టి చిన్న గుంత కూడా నడుముకి నేరుగా చెబుతుంది, సీటు కింద స్ప్రింగులు పేరుకే.

ఇప్పుడు తిట్లు. వైరింగ్ ఘోరం. ట్యాంకు కింద తీగలు మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టేశారు, హ్యాండిల్ పూర్తిగా తిప్పితే మెడ దగ్గర ఒరుసుకుని హారన్ దానంతటదే మోగుతోంది! అడిగితే "అది కుర్రోడి పని" అంటాడు. మరి ఆ కుర్రోడు ఎవరి కుర్రోడు? మాకు ఇదంతా వేరే ఆటో ఎలక్ట్రీషియన్ మళ్లీ మొదటినుంచీ చేశాడు. ఇంకోటి, చెయిన్ అడ్జస్టర్లూ బోల్టులూ పూత లేకుండా వదిలేశాడు, రుషికొండ ఉప్పుగాలికి అవి కొద్దిరోజులకే ఎర్రబడ్డాయి. సముద్రం పక్కన ఉండేవాళ్లయితే జింక్ పూత ముందే అడిగి రాయించుకోండి. రాయించుకోండి అన్నానే గానీ ఆయన ఇచ్చేది తెల్లకాగితం మీద ఎస్టిమేట్, జీఎస్టీ బిల్లు ఆశించకండి. దసరాకి అన్న బండి సంక్రాంతి దాటాక వచ్చింది.

లోహం పని వరకు కళ్లు మూసుకుని ఇవ్వొచ్చు, ఎలక్ట్రికల్ మాత్రం బేరంలోంచి తీసేసి రేటు తగ్గించమనండి, తగ్గిస్తాడు. ఫోన్ ఎత్తడు, నేరుగా వెళ్లాలి. పొద్దున్న వెళ్తే లారీ పనుల్లో ఉంటాడు, భోజనాల తర్వాత అయితే కూర్చోబెట్టి గోడ మీద బొమ్మ గీసి మరీ మాట్లాడతాడు.