జాగ్రత్త: చార్జింగ్ అయిపోయినా గన్ తీసేదాకా బిల్లు పడుతూనే ఉంటుంది

కొత్తగా ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్ళు, కొనబోతున్నవాళ్ళు ఇది ఒక్కసారి పూర్తిగా చదవండి. కారు కొనేటప్పుడు రేంజ్ ఎంత, బ్యాటరీ వారంటీ ఎన్నేళ్ళు, అన్నీ వివరంగా చెప్పారు. బయట చార్జర్ దగ్గర కారు ఎంతసేపు ఉంచొచ్చో మాత్రం ఎవరూ చెప్పలేదు. పోయిన వారం ఆ సంగతి దెబ్బతిని తెలుసుకున్నాను. డబ్బు పోయిందన్న బాధ ఉంది. నా వల్ల ఇంకొకాయన పిల్లలతో ఇబ్బంది పడ్డారన్న బాధ అంతకంటే ఎక్కువగా ఉంది.

ఒక షాపింగ్ మాల్ పార్కింగ్‌లో 60 కిలోవాట్ల ఫాస్ట్ చార్జర్ ఉంది. దానికి రెండు గన్‌లు, అంటే కారుకి పెట్టే ప్లగ్‌లు. ఒకటి అప్పటికే వేరే కారుకి పెట్టి ఉంది. నా కారు బ్యాటరీ 17 శాతం ఉంది. రెండో గన్ పెట్టి, కారులో 80 శాతానికి లిమిట్ సెట్ చేశాను. స్క్రీన్ మీద 57 నిమిషాలు అని చూపించింది. ఎదురుగా గోడ మీద పెద్ద బోర్డు: ‘చార్జింగ్ వాహనాలకు పార్కింగ్ 2 గంటలు’. రెండు గంటలు ఉంది కదా అని అమ్మని తీసుకుని నిశ్చింతగా లోపలికి వెళ్ళాను.

గంటా యాభై నిమిషాల తర్వాత వచ్చేసరికి నా కారు పక్కన ఒక పెద్దాయన నిలబడి ఉన్నారు. ఆయన కారు వెనక సీట్లో ఇద్దరు పిల్లలు పడుకుని ఉన్నారు. ‘బాబూ, ఈ కారు మీదేనా? మాది 6 శాతమే ఉంది. నలభై నిమిషాల నుంచి చూస్తున్నాం. తీద్దామంటే మీ గన్ లాక్ అయి ఉంది’ అన్నారు. ఆయన కోప్పడలేదు, బాగా అలిసిపోయి ఉన్నారు. పక్క గన్‌కి ఆయన వచ్చేలోపే ఇంకో కారు వచ్చి పెట్టుకుంది. క్షమించమని అడిగి వెంటనే తీసేశాను. అప్పుడు ఫోన్‌కి బిల్లు వచ్చింది.

అందులో ఉన్నది ఉన్నట్టు చెప్తాను. కరెంటు 28.4 యూనిట్లు. చార్జింగ్ సమయం 41 నిమిషాలు. గన్ కనెక్ట్ అయి ఉన్న సమయం 112 నిమిషాలు. చార్జింగ్ అయ్యాక మొదటి 10 నిమిషాలు గ్రేస్ (ఫీజు పడని గడువు) పోగా 61 నిమిషాలకు ఐడిల్ ఫీజు, అంటే చార్జింగ్ అయిపోయినా గన్ తీయనందుకు పడే రుసుము. కరెంటుకి అయినదానికంటే ఆ ఐడిల్ ఫీజే ఎక్కువ. చార్జింగ్ యాప్ వాలెట్‌లో ఉన్నదంతా పోయి మైనస్‌లోకి వెళ్ళింది. అది కట్టేదాకా ఆ యాప్‌లో ఇంకో చార్జింగ్ సెషన్ మొదలవ్వదు. దారి మధ్యలో, బ్యాటరీ ఖాళీ కావస్తున్న టైంలో ఇలా జరిగితే ఎంత టెన్షనో ఆలోచించండి.

57 నిమిషాలు అన్నది 41కే ఎందుకు అయిపోయింది? ఇది అప్పటికి నాకు తెలియని విషయం, మీరు తప్పకుండా తెలుసుకోవలసిన విషయం. రెండు గన్‌లున్న చాలా చార్జర్లలో పవర్‌ని రెండు కార్లూ పంచుకుంటాయి. రెండు కార్లు ఉంటే 60 కిలోవాట్లు 30, 30గా విడిపోతాయి. నేను పెట్టిన పది నిమిషాలకే పక్క కారు వెళ్ళిపోయినట్టుంది. దాంతో నా కారుకి పవర్ పెరిగి చార్జింగ్ ముందే పూర్తయింది. ఇది తిరగబడి కూడా జరుగుతుంది: మీరు పెట్టాక పక్కన ఇంకో కారు వస్తే అరగంట అన్నది గంట అవ్వొచ్చు. కాబట్టి గన్ పెట్టినప్పుడు స్క్రీన్ మీద కనిపించిన టైంని నమ్ముకుని వెళ్ళిపోవద్దు. పావుగంటకోసారి యాప్ తెరిచి చూడండి. నాకు నోటిఫికేషన్ కూడా రాలేదు. ఫోన్ బ్యాటరీ సేవర్‌లో ఉంటే వెనక నడిచే యాప్‌లని ఆపేస్తుందని ఆ తర్వాత తెలిసింది. చార్జింగ్ యాప్‌కి ఆ పరిమితి తీసేయండి, పైగా మామూలు అలారం ఒకటి పెట్టుకోండి.

కస్టమర్ కేర్‌కి రాశాను. గన్‌ని తీసి తిరిగి చార్జర్ హోల్డర్‌లో పెడితేనే సెషన్ ముగిసినట్టు అనీ, ఆ సంగతి నిబంధనల్లో ఉందనీ జవాబిచ్చారు. వెతికితే నిజంగానే ఉంది, యాప్‌లో మూడు స్క్రీన్‌లు లోపలికి వెళ్తే. గోడ మీద బోర్డు మాల్ వాళ్ళది, ఐడిల్ ఫీజు చార్జర్ నడిపేవాళ్ళది. రెండు గడియారాలు వేరు వేరు. చార్జర్ మీద మాత్రం ఐడిల్ ఫీజు గురించి ఒక్క అక్షరం లేదు. నా ఫిర్యాదు దీని గురించే.

ఐడిల్ ఫీజే తప్పని నేను అనడం లేదు. టెస్లా 2016 డిసెంబర్‌లోనే తన ఫాస్ట్ చార్జర్లయిన సూపర్‌చార్జర్ల దగ్గర ఇది మొదలుపెట్టింది. అక్కడ చార్జింగ్ అయ్యాక 5 నిమిషాల్లో కారు తీస్తే ఏమీ పడదు. స్టేషన్ సగం నిండితేనే ఫీజు, పూర్తిగా నిండితే రెట్టింపు. వెనక ఎవరో ఎదురుచూస్తున్నారు కాబట్టి అది న్యాయమే. కానీ ఆ మాట గన్ పెట్టకముందే కనబడాలి. గన్ పెట్టే ముందు యాప్‌లో ఆ స్టేషన్ పేజీ తెరిచి గ్రేస్ ఎన్ని నిమిషాలో, ఆ తర్వాత నిమిషానికి ఎంతో చూసుకోండి. ఒకే కంపెనీ యాప్‌లోనైనా స్టేషన్‌ని బట్టి మారొచ్చు. పార్కింగ్ టైం విడిగా అడగండి.

ఇంకో మాట. ఫాస్ట్ చార్జర్ మీద 100 శాతం దాకా కూర్చోకండి. 80 దాటాక బ్యాటరీని కాపాడడానికి కారే కరెంటు తగ్గించేస్తుంది. చివరి 20 శాతానికి, అంతకుముందు 10 నుంచి 80కి పట్టినంత టైం పట్టే కార్లున్నాయి. మీరు ఆ అరగంట ఉంటే వచ్చేది కొద్దిపాటి దూరం, వెనకాయనకి అదే అరగంటలో ఇల్లు చేరేంత చార్జింగ్ వస్తుంది. తర్వాతి చార్జర్ దూరమైతే నింపుకోక తప్పదు, అది వేరే సంగతి. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ అయితే అప్పుడప్పుడూ 100 చేయమని కంపెనీలే చెప్తాయి, ఆ పని ఇంట్లోనో స్లో చార్జర్ మీదో చేసుకోవచ్చు.

ఇంకొకరి కారు ఎంతసేపు ఉన్నా వాళ్ళ గన్ లాగొద్దు, ఎర్రటి ఎమర్జెన్సీ బటన్ అసలు నొక్కొద్దు. అది ప్రమాదాల కోసం పెట్టింది. నొక్కితే చార్జర్ మొత్తం ఆగిపోయి, ఎవరో వచ్చి రీసెట్ చేసేదాకా అందరూ నష్టపోవచ్చు. కొన్ని కార్లలో ఏసీ చార్జింగ్ (ఇంట్లో, స్లో చార్జర్ల దగ్గర చేసేది) పూర్తవగానే గన్ లాక్ దానంతటదే విడిపోయే సెట్టింగ్ ఉంటుంది. మీ కారులో ఉంటే ఆన్ చేసి పెట్టండి. తీసిన గన్‌ని నేల మీద పడేయకుండా హోల్డర్‌లో పెట్టండి. పిన్నుల్లోకి మట్టి, నీళ్ళు వెళ్తే తర్వాతి కారుకి కనెక్ట్ కాకపోవచ్చు.

ఆ పెద్దాయన కారుకి చార్జింగ్ మొదలయ్యేదాకా అక్కడే ఉన్నాను. 6 శాతం 7 అయ్యాక ఆయన పిల్లల మీద దుప్పటి సర్ది ముందు సీట్లో కూర్చున్నారు. అప్పటి నుంచి ఎక్కడ గన్ పెట్టినా నా ఫోన్ నంబరు, చార్జింగ్ ఎన్నింటికి అయిపోతుందో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి అద్దం వెనక పెడుతున్నాను. మొన్న ఒకావిడ ఫోన్ చేశారు. ఐదు నిమిషాల్లో వెళ్ళి తీసేశాను.