పోచంపల్లికా, కొండపల్లికా?

హైదరాబాద్ నుంచి ఒక్కరోజులో వెళ్లి రావాలంటే నా ఓటు చేనేత చీరల ఊరు భూదాన్ పోచంపల్లికే. మగ్గం ఎక్కకముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దడం, ఆ రంగులు నేతలో కలిసి డిజైన్‌గా తేలడం దగ్గర్నుంచి చూశాక చీరకు బేరమాడబుద్ధి కాదు. 1951లో భూమిలేని పేదల కోసం వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిచ్చిందీ, భూదానోద్యమం పుట్టిందీ ఇక్కడే. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది కూడా ఈ ఊరినే.

విజయవాడ వైపు వాళ్లకైతే కొండపల్లి దగ్గర. తెల్లపొణికి అనే తేలికైన చెక్కతో చేసే బొమ్మలు: దశావతారాలు, ఎడ్లబండ్లు, తాడిచెట్టెక్కే మనిషి... పిల్లలతో వెళ్తే ఇదే మేలు. కొండ మీద ఖిల్లా కూడా ఉంది, పొద్దున్నే చూసేయండి, ఎండ ముదిరితే కష్టం. బొమ్మైనా చీరైనా చేసినవాళ్ల దగ్గరే కొనండి.