పాత నియాన్ ట్యూబులకి ప్రాణం పోసిన కొర్లగుంట అంగడి

పాత సామాన్ల అంగట్లో రెండు నియాన్ ట్యూబులు 600కి కొన్నా, ఒకటి ఏదో లాడ్జి బోర్డులో ఎర్రది, ఇంకోటి బ్లూ బాణం గుర్తు. వెలుగుతాయో లేదో అమ్మినాయనకే తెలీదు. ఇంట్లో ప్లగ్గులో పెట్టి చూసేటివి కాదు సామీ ఇవి, వేల వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కావాల, అందుకే తిరపతి కొర్లగుంటలో బోర్డులు చేసే అన్న దగ్గరికి ఎత్తకపోయినా.

ఆయన వైరు కూడా కలపకుండా హై ఫ్రీక్వెన్సీ టెస్టర్ కొన గాజుకి ఆనిస్తే ఎర్రది టక్కన వెలిగింది, అంటే లోపల గ్యాస్ అట్లే ఉండాది, గాలి దూరలేదు. బ్లూది మాత్రం సగమే, అదీ మసగ్గా. దాంట్లో నియాన్ గ్యాస్ కాదు, ఆర్గాన్ అనే ఇంకో గ్యాస్, పాదరసం చుక్క ఉంటాయంట, ఏళ్ల తరబడి మూలనపడి ఆ చుక్క ఒక కొసకి చేరిపోయింది. మెల్లగా అటూ ఇటూ వంచి ట్యూబంతా దొర్లించి, ట్రాన్స్‌ఫార్మర్ మీద రెండు గంటలు వెలిగిస్తే, అబ్బా, నిండుగా వచ్చేసింది! పగిలితే పాదరసం బయటికొస్తాది, పిల్లోళ్లకి అందనీయద్దని గట్టిగా చెప్పి పంపినాడు.

కూలి 400. పని బంగారం గానీ రేపు రా రేపు రా అని మూడుసార్లు తిప్పినాడు, దానికే రేటింగులో ఒక స్టార్ కోసినా.